చుట్టాల పిల్ల సంతకం

కెనడాలోని హాలిఫాక్స్‌లో సిటీ బస్సు దిగే ప్రతి మనిషీ డ్రైవర్ వైపు తిరిగి థాంక్యూ చెప్పి మరీ దిగుతాడు. ముసలివాళ్ళూ అంతే, కాలేజీ పిల్లలూ అంతే, పీకలదాకా తాగి తూలుతున్నవాడూ అంతే. బస్సు డ్రైవరుగా చేరిన కొత్తలో రాగిణికి నవ్వొచ్చేది. జీతం తీసుకుని నడిపే బస్సుకి థాంక్యూ ఏమిటి? పోను పోను అది చెవులకు ఎంత అలవాటైందంటే, ఎవరైనా చెప్పకుండా దిగిపోతే అద్దంలోంచి వాళ్ళ వీపు వంక గుర్రుగా చూసేది. జగిత్యాలలో అత్తగారింట్లో రెండేళ్ళకు పైగా పొద్దునా సాయంత్రం చాయ్ పెట్టి చేతికందించిన మనిషి మరి! గ్లాసు అందుకుంటూ అత్త శాంతమ్మ ఒక్కనాడు కన్నెత్తి చూసిన పాపాన పోలేదు.

ఆ శాంతమ్మకే ఇప్పుడు రాగిణి సంతకం కావలసి వచ్చింది. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని ఊరికే అన్నారా పెద్దలు!

సంగతేమిటంటే, కొడుకులూ కూతుళ్ళూ తల్లిదండ్రుల్ని కెనడాకు పర్మనెంటుగా తెచ్చుకోవాలంటే ముందు లాటరీలో పేరు తగలాలి. రాగిణి మొగుడు సంజయ్ ఎప్పుడో కరోనా ఏడాది పేరిచ్చి మరచిపోయాడు. మొన్న వేసవి మొదట్లో తగిలింది. తగిలితే అయిపోలేదు. అమ్మానాన్నల్ని పోషించే స్తోమత ఉందని మూడేళ్ళ సంపాదన చూపించాలి. ఆ మూడేళ్ళ నడిమధ్యలో సంజయ్‌ని సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు ఇంటికి పంపించి కూర్చోబెట్టారు. ఆ ఏడాది ఇల్లు నడిచింది రాగిణి బస్సు మీదే. కాబట్టి ఆమె జీతం కలిస్తేనే కాగితం ముందుకు కదులుతుంది. ఆమె జీతం కలవాలంటే ఆమె సంతకం పెట్టాలి. సంతకం పెడితే అత్తమామల పోషణ బాధ్యత ఇరవై ఏళ్ళపాటు మొగుడితోపాటు ఆమె మెడకూ చుట్టుకుంటుంది.

"రాగీ, జస్ట్ కో-సైన్ చెయ్యాలి నువ్వు. ఫార్మాలిటీ అంతే" అన్నాడు సంజయ్, అన్నంలో పెరుగు కలుపుకుంటూ, తలెత్తకుండా.

"ఇరవై ఏళ్ళు ఫార్మాలిటీనా?" అంది రాగిణి.

అతను ముద్ద కలుపుతూనే ఉన్నాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట వచ్చినప్పుడల్లా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చోవడం అతనికి పెళ్ళినాటి నుంచీ ఉన్న విద్య.

అక్కడ జగిత్యాలలో శాంతమ్మ అప్పటికే సూట్‌కేసులు కొనేసింది. కొనకేం చేస్తుంది! తోడికోడలు పద్మిని మూడేళ్ళ కిందట కెనడాలోనే ఏజాక్స్ అనే ఊళ్ళో కొడుకు దగ్గరికి చేరి, వారం వారం వీడియో కాల్‌లో గరాజు చూపించి, గిన్నెలు కడిగే మెషీన్ చూపించి, పెరట్లో మంచు చూపించి ఆమె ప్రాణం తోడేస్తోంది. లాటరీ తగిలిందని తెలిసిన పూటే శాంతమ్మ వాడంతా స్వీట్లు పంచింది. పంచి ఊరుకుందా? "నేను పోయినంక ఆ ఇంటినో దారిల పెడ్త. అక్కడ మా కోడలు ఆడింది ఆట, పాడింది పాట అయిందట" అని పద్మినితో అంది. పద్మిని కడుపులో మాట ఆగదు. ఆ సాయంత్రానికే అది హాలిఫాక్స్ చేరింది.

రాగిణి ఫోన్ పెట్టేసి తన వంటింటిని ఒకసారి కలియజూసింది. చిన్న వంటిల్లు. పోపులపెట్టె ఎక్కడ ఉండాలో తను పెట్టిన చోటే ఉంది. ఈ ఇంట్లో ఏ అలమారాకీ తాళం లేదు. ఇక్కడికి ఆ మనిషి వచ్చి చేరుతుందా? అదీ తన సంతకంతోనా? రాగిణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మంట నిన్నా మొన్నటిది కాదు. ఎనిమిదేళ్ళ కిందటిది.

సంజయ్ కెనడా నుంచి నెల సెలవు పెట్టుకుని వచ్చి పెళ్ళి చేసుకున్నాడు. జ్యేష్ఠం చివర ముహూర్తం పెట్టించింది శాంతమ్మే. పెళ్ళయిన నాలుగు రోజులకే ఆషాఢం వచ్చి కూర్చుంది. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటరాదని రాగిణిని పుట్టింటికి పంపేశారు. పోనీ మొగుడైనా వచ్చి చూసిపోవచ్చా అంటే, అల్లుడు ఆ నెలలో అత్తగారి గడప తొక్కితే అరిష్టమట! సెలవుల్లో మిగిలిన రోజులన్నీ ఆమె వరంగల్‌లో, అతను జగిత్యాలలో. చివరికి ఎయిర్‌పోర్టుకైనా వస్తానంటే, ఎదురుపడొద్దని శాంతమ్మ ఫోన్‌లోనే కోప్పడింది. సంజయ్ సరేనమ్మా అని విమానం ఎక్కేశాడు.

శ్రావణంలో రాగిణి అత్తగారింటికి వచ్చింది. వచ్చిన రోజే శాంతమ్మ ఆమె పాస్‌పోర్టు అడిగి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ బీరువా తాళంచెవి ఆమె నడుముకు వేలాడుతూ ఉంటుంది. స్నానానికి పోయినా ఊడదు. ఇంటాయన కొమరయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన బ్యాంకు పుస్తకం ఆ బీరువాలోనే, ఆయన మంచి అంగీలూ ఆ బీరువాలోనే. ఎక్కడికైనా పోవాలంటే "శాంతా, ఒక అంగి తీసియ్యి" అని గుమ్మం దగ్గర నిలబడేవాడు. కాపురం మొదలైన నాటి నుంచీ తాళంచెవి అడిగిన పాపాన పోలేదు.

సంజయ్ పెళ్ళాం కోసం పెట్టిన అప్లికేషన్ మీద ఢిల్లీలో ఇంటర్వ్యూకు పిలిచారు. కొమరయ్య వెంట వెళ్ళాడు. లోపల ఆఫీసర్ అడిగాడు: మీ భర్తకు ఇష్టమైన కూర ఏమిటి? రాత్రి మంచానికి ఏ వైపు పడుకుంటాడు? నాలుగు రోజుల కాపురం, అందులో సగం వ్రతాలూ చుట్టాలూ. రాగిణి ఏం చెబుతుంది? పెళ్ళయ్యాక భర్త ఇంకా మూడు వారాలు ఈ దేశంలోనే ఉన్నాడు కదా, ఇద్దరూ ఎక్కడున్నారు? ఎవరింట్లో వాళ్ళం అంది. ఎందుకు? ఆషాఢం అంది. దుబాసీ ఎంత వివరించినా ఆఫీసర్ మొహం మారలేదు. ఎయిర్‌పోర్టులో దిగిన ఒక్క ఫొటో లేదు, ఇద్దరూ కలిసి ఒక్క ఊరు పోలేదు. కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. మీ సంబంధం నిజమైనదని నాకు నమ్మకం కలగలేదు, మీరు మళ్ళీ అప్లై చేసుకోవచ్చు, అని దాని సారం.

ఆషాఢం పట్టిందెవరు? ముహూర్తం పెట్టించిందెవరు? అదెవరూ అడగలేదు. "కెనడా సర్కారే వద్దన్న పిల్ల" అని శాంతమ్మ పేరంటాల్లో చెప్పుకుంది. కొడుకు గదిలోంచి రాగిణి మంచం తీయించి బియ్యం బస్తాల అర్రలో వేయించింది. అంతటితో ఊరుకున్నా రాగిణి మరచిపోయేదేమో. ఒక రోజు కోరుట్ల నుంచి ఎవరో వస్తున్నారని, చాయ్ పెట్టమని, పుస్తెలతాడు జాకెట్ లోపలికి వేసుకొమ్మని చెప్పింది. ఎందుకో రాగిణికి అర్థం కాలేదు. చాయ్ ట్రే పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాక అర్థమైంది. సోఫా మీద ఒక పిల్ల తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు. టీపాయ్ మీద ఆ పిల్ల ఫొటో ఉంది. పక్కనే సంజయ్ ఫొటో ఉంది.

"ఈ పిల్లెవరు?" అని అడిగింది ఆ తల్లి.

"మా చుట్టాల పిల్ల. పనిసాయానికొచ్చింది" అంది శాంతమ్మ, కళ్ళార్పకుండా.

రాగిణి గ్లాసులు ఒక్కొక్కటే అందరికీ అందించింది.  అప్పుడు మూలన కుర్చీలో ఉన్న కొమరయ్య ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"చాయ్ మంచిగున్నది. మా కోడలు పెట్టింది. సంజయ్ పెండ్లాం" అన్నాడు.

వచ్చినవాళ్ళు చాయ్ సగంలో వదిలేసి లేచారు. ఆ రాత్రే కొమరయ్య కొడుక్కి ఫోన్ చేసి, "నీ పెండ్లాన్ని తీసుకపోతవా, నన్నే తీసుకపోయి వాళ్ళమ్మగారింట్ల దించి రమ్మంటవా? దించి వస్తె మాత్రం నీ మొహం సూడ కొడుకా" అన్నాడు. పెళ్ళాంతో అన్నేళ్ళలో ఎదురాడని మనిషి ఆ ఒక్క రోజుకు ఎక్కడి నోరు తెచ్చుకున్నాడో! ఆ దెబ్బకు సంజయ్ కదిలాడు. వచ్చి పెళ్ళాంతో ఉండి, నాలుగూళ్ళు తిప్పి, ఫొటోలు దిగి, మళ్ళీ అప్లై చేశాడు. ఈసారి వీసా వచ్చింది. చాలా రోజులపాటు శాంతమ్మ కొమరయ్యకు అన్నం కంచం నేల మీద తోసి పెట్టిందని రాగిణికి తెలుసు. కళ్ళారా చూసింది.

ఇదీ ఆ మంట. ఇప్పుడు చెప్పండి, ఫార్మాలిటీ అట!

రాగిణి నాలుగు రోజులు ఆలోచించింది. బ్రిడ్జి అవతల, డార్ట్‌మత్ టెర్మినల్‌లో బస్సు ఆపి ఫ్లాస్కులో చాయ్ తాగుతూ ఆలోచించింది. పెట్టను అంటే ఒక్క మాటతో తెగిపోతుంది. కానీ దానివల్ల ఏమవుతుంది? కోడలు రాక్షసి, నన్ను రానియ్యలేదు అని శాంతమ్మ వాడంతా చెప్పుకుని ఏడుస్తుంది. ఏడ్చి అందరి జాలీ తింటుంది. అది రాగిణికి ఇష్టం లేదు. తను పడ్డది ఆమె పడాలి. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే జవాబు దొరక్క నాలుక పిడచగట్టుకుపోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలియాలి.

ఐదో రోజు పొద్దున సంజయ్‌తో చెప్పింది. "సంతకం పెడుతా. కానీ ముందు అత్తమ్మను ఇంటర్వ్యూ చేస్తా."

"ఇంటర్వ్యూ ఏంటి రాగీ? జోకా?"

"నన్ను చేసినప్పుడు జోక్ అనిపించిందా నీకు?"

సంజయ్‌కు కాగితాలు పంపే గడువు దగ్గర పడుతోంది. వేరే దారి లేదు. ఆదివారం వీడియో కాల్ పెట్టాడు. ఇక్కడ పొద్దున, అక్కడ పొద్దుగూకే వేళ. శాంతమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది, టికెట్ల సంగతి మాట్లాడతారనుకుని. వెనకాల కుర్చీలో కొమరయ్య ఎల్లిపాయలు ఒలుస్తున్నాడు. తెరలో ఆయన మోకాళ్ళూ చేతులూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"అత్తమ్మా, ఢిల్లీల నన్ను కూసోబెట్టి అడిగిన్రు గద. ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుత. చెప్తేనే సంతకం."

"ఏందే, పిల్లలాటనా? ఏంరా సంజయ్, ఇదేంది?"

"అడిగినదానికి చెప్పమ్మా" అన్నాడు సంజయ్, కార్పెట్ వంక చూస్తూ.

"నాకు ఇష్టమైన కూరేంది?" అంది రాగిణి.

"నీకేంది, ఏది పెట్టినా తింటవ్ గద."

"చిక్కుడుకాయ" అని వెనకనుంచి వినిపించింది. "ఎల్లిపాయ కారం దట్టంగ పడాలె."

"మిమ్మల్ని అడగలే మామయ్యా. మీ వంతు వస్తది ఆగుండ్రి." రాగిణి గొంతు పెరగలేదు. "మీ ఇంట్ల నేనేడ పండుకున్న అత్తమ్మా?"

"ఏడ పండుకుంటవ్? ఇంట్లనే పండుకున్నవ్."

"ఏ అర్రల?"

శాంతమ్మ పమిట సర్దుకుంది. పక్కకు చూసింది. కొమరయ్య చేతులు ఎల్లిపాయ మీద ఆగిపోయాయి. "బియ్యం బస్తాల అర్రల" అని ఆయన తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు.

"నేనిక్కడ ఏం పని చేస్త?"

దీనికి మాత్రం శాంతమ్మ మొహం వెలిగింది. "ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల కంప్యూటర్ పని. నాకు తెల్వదా ఏంది? సంజయ్ చెప్పిండు."

రాగిణి మొగుడి వంక తిరిగింది. సంజయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఐదేళ్ళుగా తల్లికి చెప్పిన అబద్ధం అది. పెళ్ళాం జీతం మీద ఏడాది తిన్నాడు, పెళ్ళాం పని పేరు మాత్రం నోటికి రాలేదు.

"బస్సు నడుపుత అత్తమ్మా. సిటీ బస్సు. ఆ జీతం కలిస్తేనే మీ కాయితం ముంగటికి పోతది."

"బస్సా! డ్రైవరా?" శాంతమ్మ నోరు తెరుచుకుంది. "ఛీ ఛీ! నలుగురికి తెలిస్తే ఏం మొహం పెట్టుకోవాలె నేను?"

"మామూలు బస్సు కాదు" అన్నాడు కొమరయ్య, ఈసారి కాస్త గట్టిగా. "రెండు బస్సులు కలిపినట్టుంటది, నడుమ రబ్బరుంటది, మూల మీద వంగుతది. ఫొటోలు పంపింది నాకు. మా డిపోవోళ్ళందరికి చూపిచ్చిన. మా సర్వీసుల అసొంటి బండి ఎవ్వడు తోలలే."

శాంతమ్మ మొగుడి వైపు కొరకొరా చూసింది. రాగిణికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఇంకొక్క ప్రశ్న ఉంది. ఏళ్ళ తరబడి దాచుకున్న ప్రశ్న అది.

"కోరుట్లోళ్ళు వచ్చిన్నాడు చాయ్ ఇచ్చిన పిల్ల మీకేమైతది అత్తమ్మా?"



"అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు తవ్వుతవ్?"

"ఏమైతది?"

"సంజయ్, చెప్పురా దీనికి!"

సంజయ్ నోట్లో ఈసారి కూడా బెల్లంగడ్డే ఉంది. జీవితంలో మొదటిసారి అది రాగిణికి పనికొచ్చింది.

"ఏమైతది అత్తమ్మా ఆ పిల్ల?"

"కోడలు" అంది శాంతమ్మ, పళ్ళ సందుల్లోంచి.

"వినవడలే."

"కోడలివే! మా కోడలివే! సాలునా?"

చాలు. రాగిణికి ఒంట్లో ఎక్కడో బిగుసుకుపోయి ఉన్న నరం వదులైనట్టయింది. హాయిగా ఉంది. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది. సంజయ్ కూడా గండం గట్టెక్కిందనుకుని, ప్రింట్ తీసిన కాగితం, పెన్నూ ఆమె ముందుకు జరిపాడు. తెరలో శాంతమ్మ కళ్ళు తుడుచుకుని, అప్పుడే గెలిచినదాని మొహం పెట్టుకుంది.

"అత్తమ్మా" అంది రాగిణి. "మన సంబంధం నిజమైనదని నాకు నమ్మకం కలగలేదు. మామయ్య మీద కుదిరింది. మామయ్యకు సంతకం పెడుత."

"ఏందీ?"

"మామయ్య పేరు మీద అప్లికేషన్ పోతది. మీ పేరు కూడ రాస్తం, దాచిపెట్టం. కానీ ఆయన వెంట ఇప్పుడు రారు అని రాస్తం. అట్ల రాసే వీలుంది, నేను కనుక్కున్న. తర్వాత ఎప్పుడన్న నాకు నమ్మకం కుదిరితే, మీరు మళ్ళీ అప్లై చేసుకోవచ్చు."

"రాగీ!" సంజయ్ కుర్చీలోంచి సగం లేచాడు. "అమ్మను ఒక్కదాన్నే వదిలేసి ఎట్లా?"

"నన్ను వదిలేసి నువ్వు విమానం ఎక్కలేదా? అట్లనే. ఆషాఢం అనుకో." ఆమె కాగితాన్ని అతని వైపు తోసింది. "ఇట్లైతేనే పెడుత. లేకుంటే ఆ కాయితం నీ దగ్గరే ఉంచుకో."

సంజయ్ కూలబడ్డాడు. అక్కడ శాంతమ్మ మాత్రం పకపకా నవ్వింది. నవ్వి నవ్వి పమిటతో కళ్ళొత్తుకుంది.

"ఓసి పిచ్చిదానా! ఆయననా? నన్నిడిసిపెట్టి ఆయనొస్తడా? చెంబెడు నీళ్ళు ముంచుకొని తాగ శాతగాదు ఆయనకు. ఏ అంగి తొడుక్కోవాలె అనేది కూడ నేను చెప్పాలె. అడుగు, అడుగు ఆయన్నే! ఏమయ్యా, పోతవా?"

రాగిణి తెరలో మామ మోకాళ్ళ వైపు చూసింది. నిజమే, ఆయన రానంటే? అన్నేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? ఆయన రానంటే శాంతమ్మే గెలుస్తుంది. తన ఇంటర్వ్యూ, తన సంతకం, తన ఎనిమిదేళ్ళూ నవ్వులపాలవుతాయి. మామను అడగకుండానే ఆయన మీద పందెం కాసేసిందని అప్పుడు తెలిసింది ఆమెకు.

తెరలో మోకాళ్ళు కదిలాయి. కొమరయ్య ఒళ్ళోని ఎల్లిపాయల చేట కింద పెట్టి, పొట్టు దులుపుకుని లేచి నిలబడ్డాడు. నాలుగడుగులు వేసి శాంతమ్మ కుర్చీ పక్కకు వచ్చాడు. ఆయన మొహం తెరలోకి వచ్చింది. గడ్డం మాసి ఉంది. ఆయన కోడలి వైపు చూడలేదు, కొడుకు వైపూ చూడలేదు. పెళ్ళాం ముందు చెయ్యి చాచాడు.

"శాంతా, బీరువా తాళంచెవి ఇట్లియ్యి. నా పాస్‌పోర్టు తీసుకోవాలె."

శాంతమ్మ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. "నువ్వు కూసో, నేను తీసిస్త" అంది, ఎప్పటి మాటే.

"తీసియ్యొద్దు. తాళంచెవి ఇయ్యి."

చాచిన చెయ్యి అలాగే ఉంది. శాంతమ్మ ఫోన్ వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, మళ్ళీ ఆ చెయ్యి వైపు చూసింది. నడుము దగ్గర చీరకుచ్చిళ్ళలో తడుముకుంది. చాలాసేపటికి గానీ ముడి ఊడలేదు.

తాళంచెవి ఆ చేతిలో పడేదాకా రాగిణి కన్నార్పలేదు. పడ్డాక కాగితం దగ్గరికి లాక్కుని పెన్ను మూత తీసింది.